యోగ్యతాపత్రము నిరాకరింపబడినప్పుడు



నేటి నా ప్రసంగమునకు విషయము అమెరికా దేశమునందలి ఒక సర్కారు కాగితము. పల్లెలో రచ్చబండ మీద కూర్చుండి వినువారికి దానితో నేమి పని యని మీరు తొలుతనే యడుగవచ్చును. పని కలదు. తెలుగు పల్లెలనుండి వెడలి ఆ దేశమున స్థిరపడిన కుటుంబములు నేడు వేలకొలది యున్నవి. వారిలో ఉద్యోగములు చేయువారే కాక చిన్న వ్యాపారసంస్థలు నెలకొల్పిన స్త్రీలును పురుషులును గలరు. అట్టి సంస్థకు మూలధనము కొన్ని యెడల ఇచ్చటి పొలము అమ్మిన సొమ్ము. ఆ సొమ్మునకు ఆధారమైన దస్తావేజు తల్లిదండ్రుల యింటి పెట్టెలోనే యుండును. అక్కడి కచేరీవారు “ఈ ధనమెక్కడిది?” అని ప్రశ్నించినప్పుడు జవాబు మన పల్లెనుండి పోవలసి యుండును. కావున ఈ సంగతి మీరును తెలిసికొనుట మంచిది.

మొదట ఆ కాగితమేదో చెప్పెదను. అమెరికాలో రోడ్లు, వంతెనలు, విమానాశ్రయములు మున్నగు పనులకు కేంద్రప్రభుత్వము రాష్ట్రములకు ధనసహాయము చేయును. ఆ పనులను గుత్తకు తీసికొనువారు పూర్వము చాలవరకు పాతకాపులైన పెద్ద సంస్థలవారే. చిన్నవారికి, వెనుక నెట్టబడినవారికి అందులో కొంత పాలు దక్కవలెనని 1983 లో ఒక శాసనము వచ్చినది. అందు నూటికి పది వంతుల లక్ష్యము నిర్ణయింపబడినది. స్త్రీల సంస్థలను 1987 నాటి శాసనము ఈ యేర్పాటులో చేర్చినది. ఈ పద్ధతి క్రింద అర్హత గలదని తేలిన సంస్థకు రాష్ట్రములోని ధ్రువీకరణ కచేరీ యొక యోగ్యతాపత్రము నిచ్చును. దానిని పొడి అక్షరములలో డి.బి.ఇ. పత్రమందురు. ఇది గాక అక్కడి కొన్ని రాష్ట్రములు, నగరములు తమ సొంత పనుల కొఱకు వేరు పత్రములు ఇచ్చుచున్నవి. వాని నిబంధనలు వేరు, గడువులు వేరు. నేను చెప్పునది కేంద్ర రవాణాశాఖవారి పద్ధతిని గూర్చి మాత్రమే.

ఈ పత్రము కోరువారిని ముఖ్యముగా నాలుగు ప్రశ్నలు అడుగుదురు. ఒకటి, ఆమె లేక అతడు ఆ దేశపు పౌరుడా, శాశ్వతనివాసపు హక్కు గలవాడా, సంఘములోను ధనవిషయములోను వెనుకబాటునకు గురియైనవాడా? కొలది సంవత్సరముల అనుమతితో ఉద్యోగమునకు పోయినవారికి ఇందు చోటు లేదు. ఆస్తికి ఒక పరిమితి కూడ గలదు. 2024 నాటి నిబంధన ప్రకారము సొంత ఆస్తి విలువ 20 లక్షల 47 వేల డాలర్లకు మించరాదు. నివాసగృహమునందలి హక్కు, విశ్రాంతికాలమునకు దాచిన నిధి, ఆ సంస్థలోని వాటా ఈ లెక్కలో చేరవు. రెండవ ప్రశ్న, సంస్థ చిన్నదేనా? మూడవది, సంస్థలో నూటికి కనీసము 51 వంతులు వారిదేనా? నాలుగవది, సంస్థను నడుపునది నిజముగా వారేనా?

మొదటి మూడు ప్రశ్నలు లెక్కకు సంబంధించినవి. నాలుగవది నడవడికి సంబంధించినది. చిక్కు తరచుగా వచ్చునది దీనియందే.

ఇది మీకు బోధపఱచుటకు నేను సముద్రము దాటి పోనక్కరలేదు. మన పంచాయతీలలో స్త్రీలకు స్థానములు కేటాయింపబడినవి. సర్పంచి కుర్చీలో ఇల్లాలి పేరు వ్రాయబడి, తీర్మానము చెప్పునది, చెక్కు పుస్తకము దాచునది భర్తయైన పల్లెలను మీరు చూచియే యుందురు. భర్త యింటిపని చూచుచుండగా గ్రామమును తానే చక్కగా నడిపిన సర్పంచులను కూడ చూచి యుందురు. కాగితము మీద ఈ ఇద్దరు స్త్రీలకును భేదము లేదు. భేదము పనిలో కలదు. అట్లే బినామీ యన్న మాట మనకు తెలియనిది కాదు. అమెరికా కచేరీవారు వెదకునది సరిగా ఈ భేదమునే. అందులకై వారు పనిచోటునకు వచ్చి చూతురు, లేక దూరదర్శన యంత్రము ద్వారా మాటలాడుదురు. “టెండరు ధర యెట్లు కట్టితివి? పనివానిని తీసివేయవలసి వచ్చిన ఎవరు తీసివేయుదురు? బ్యాంకు కాగితముల మీద ఎవరి సంతకము చెల్లును?” అని యడుగుదురు. యజమానురాలికి ప్రతి విద్యయు చేతికి రావలెనని నిబంధన లేదు. ఆమె ఇంజనీరును నియమించుకొనవచ్చును. కొన్ని పనులను ఇతరులకు అప్పగింపవచ్చును. కాని వారు చెప్పినదానిని తూచి తన నిర్ణయము తాను చేయగలిగి యుండవలెను. అప్పగించిన అధికారమును తిరిగి తీసికొనగలిగి యుండవలెను.

ఇక్కడ ఇటీవలి మార్పు నొకదానిని చెప్పక తప్పదు. 2025 వఱకు స్త్రీలును, కొన్ని జాతులవారును వెనుకబాటునకు గురియైనవారే యని నిబంధన ముందుగానే ఊహించెడిది. భారతదేశమునుండి పోయినవారు కూడ ఆ జాతులలో చేరి యుండిరి. 2025 అక్టోబరు 3 న రవాణాశాఖవారు ప్రకటించిన నియమము ఈ ఊహను తీసివేసినది. పత్రము కోరు ప్రతివ్యక్తియు తన జీవితములో తనకు కలిగిన ఆటంకములను, దక్కకపోయిన అవకాశములను, అప్పు పుట్టక పడిన యిక్కట్లను తన సొంత కథనముగా వ్రాసి నిరూపింపవలెనని అది విధించినది. “నేను స్త్రీని, నేను ఫలానా జాతివాడను” అనుట అందులకు ఆధారము కాదు. అంతకుముందు పత్రము పొందినవారిని సైతము మరల పరీక్షింపవలెనని ఆ నియమము ఆదేశించినది. దీనివలన కాగితములకు పూర్వముకంటె ఎక్కువ ప్రాముఖ్యము కలిగినది.

ఇక నిరాకరణ సంగతి. దరఖాస్తు త్రోసివేయబడినదనుకొనుడు. కచేరీవారు “కాదు” అని ఒక్క మాట వ్రాసి ఊరకుండ వీలులేదు. కారణములను వ్రాతమూలముగా తెలుపవలెను. దస్త్రములోని ఏ ఆధారమును బట్టి ఆ కారణమునకు వచ్చిరో చూపవలెను. ఆ ఆధారముల నకళ్లు కావలెనని యడిగిన ఇయ్యవలెను. ఈ ఉత్తరము చూచి చాలమంది చేయు మొదటి పని దుఃఖించుట, రెండవది కోపించుట. రెండును మనుష్యసహజములే. అయితే ఆ ఉత్తరము కవరుమీది తేదీనుండి కాదు, లోపలి నిర్ణయపు తేదీనుండి గడువు నడచుచుండును. అప్పీలు గడువు పూర్వము 90 దినములు. 2024 లో దానిని 45 దినములకు తగ్గించిరి. నెల దినములు బంధువులతో ఆలోచించుచు కూర్చున్నచో మిగులునది పక్షము మాత్రమే. కావున ఉత్తరము అందిన దినముననే 45 వ దినమును లెక్కించి గోడమీది పంచాంగములో గుర్తు పెట్టుకొనవలెను. ఆనాడే నకళ్ల కొఱకు వ్రాయవలెను.

తరువాత చేయవలసినది నా యభిప్రాయమున అన్నిటిలో ముఖ్యమైనది. ఉత్తరములోని ఒక్కొక్క కారణమును తీసికొని, “ఈ విషయమున తప్పు కచేరీదా, మన కాగితముదా?” అని తన్ను తాను నిష్పక్షపాతముగా ప్రశ్నించుకొనవలెను. తప్పు కచేరీదైనచో మార్గము అప్పీలు. తప్పు మన కాగితముదైనచో దానిని దిద్దుకొని మరల దరఖాస్తు చేయుట మార్గము. మరల దరఖాస్తు చేయుటకు కొంతకాలము ఆగుమని కచేరీవారు చెప్పవచ్చును గాని ఆ కాలము 12 నెలలకు మించరాదు. ఈ రెండు మార్గములకును భేదము తెలియనివారు దిద్దుకొనవలసినచోట వాదింతురు, వాదింపవలసినచోట ఊరకుందురు.

ఈ భేదమును ఒక దృష్టాంతముతో చెప్పెదను. ఇది నేను కల్పించినది. ఒక తెలుగు స్త్రీ అక్కడ వంతెనల నమూనాలు గీయు చిన్న సంస్థను స్థాపించినది. వాటాలలో నూటికి 60 వంతులు ఆమెవి, 40 భర్తవి. భర్తయు ఇంజనీరే. అతడు వేరొకచోట ఉద్యోగము చేయుచు సాయంకాలములందు తోడ్పడును. దరఖాస్తు త్రోసివేయుచు కచేరీవారు మూడు కారణములు వ్రాసిరి. బ్యాంకులో భర్త సంతకము కూడ చెల్లుచున్నది కావున అధికారము ఆమెది కాదనుట మొదటిది. సంస్థ నియమావళిలో “ఇరువురు డైరెక్టరులును హాజరైననే సభ చెల్లును” అని యుండుట రెండవది. ఆమె పెట్టినానని చెప్పిన మూలధనము ఎక్కడినుండి వచ్చినదో తెలియకుండుట మూడవది.

మొదటి కారణమును చూడుడు. భర్తకు సంతకాధికారము నిచ్చినది ఆమెయే యనియు, ఎప్పుడైన దానిని రద్దు చేయగలదనియు తెలుపు తీర్మానము దరఖాస్తుతోపాటు దస్త్రములో నున్నది. చెక్కులన్నియు ఆమెయే వ్రాసినట్లు బ్యాంకు లెక్కలును అందే యున్నవి. కచేరీవారు వానిని విడిచిపెట్టిరి. ఇది కచేరీ తప్పు. దీనిపై అప్పీలులో గట్టిగా వాదింపవచ్చును.

రెండవ కారణము అట్టిది కాదు. ఇరువురును ఉండిననే సభ చెల్లుననగా, భర్త రాకున్నచో ఆమె యే నిర్ణయమును చేయలేదు. నూటికి 60 వంతులున్నను తలుపు తాళము అతని చేతిలో నున్నది. అతడెన్నడును అట్లు చేయలేదనుట జవాబు కాదు. ఇందు తప్పు ఆమె నియమావళిది. దీనికి మందు అప్పీలు కాదు. నియమమును సవరించి మరల దరఖాస్తు చేయుట. నిజానికి ఈ యొక్క లోపము మిగిలియున్నచో, తక్కిన రెండు కారణములలో గెలిచినను పత్రము చేతికి రాదు. ఒక బండికి రెండు చక్రములు బాగుచేసి ఇరుసు విరిగినది విడిచినట్లగును.

మూడవ కారణము మన పల్లెకు వచ్చుచున్నది. తండ్రి కూతురి భాగమునకు వచ్చిన రెండెకరములు అమ్మి ఆ సొమ్ము ఆమెకు పంపెను. ఆడుబిడ్డకు పిత్రార్జితములో సమభాగము 1986 లోనే ఆంధ్రప్రదేశ్ శాసనము ఇచ్చినది. దేశమంతటికిని 2005 లో అట్టి హక్కు వచ్చినది. కాబట్టి ఆ భూమి ఆమెదే, ఆ సొమ్ము ఆమెదే. కాని దస్త్రములో నున్నది బ్యాంకులో ఒకనాడు జమయైన పెద్ద మొత్తమొక్కటే. అది ఆమె భాగమా, తండ్రి యిచ్చిన దానమా, చేబదులా, భర్త సొమ్మునకు మరొక దారియా యని కచేరీవారెట్లు గ్రహింతురు? భాగపత్రము, క్రయపత్రము, బ్యాంకు రసీదు దరఖాస్తుతో చేర్చియున్న ప్రశ్నయే పుట్టకపోవును. అవి చేర్చలేదు. ఇదియు కచేరీ తప్పు కాదు. మరల దరఖాస్తు చేయునప్పుడు వానిని ఇంగ్లీషు తర్జుమాతో చేర్చుకొనవలెను.

దీనినిబట్టి అప్పీలు స్వభావము మీకు తేటపడును. అప్పీలు వాషింగ్టనులోని రవాణాశాఖవారి పౌరహక్కుల కార్యాలయమునకు పోవును. అర్జీ నకలొకటి నిరాకరించిన కచేరీకిని పంపవలెను. కచేరీవారు మొత్తము దస్త్రమును 20 దినములలో పైవారికి అందజేయవలెను. పైవారు సాక్షులను పిలువరు, విచారణసభ జరుపరు, వ్యవహారమును మొదటినుండి తిరుగదోడరు. నిర్ణయము జరిగిననాటి దస్త్రమును ముందుంచుకొని, ఈ నిర్ణయమునకు అందు తగిన ఆధారమున్నదా, నిబంధనలను సరిగా అన్వయించిరా యని చూతురు. ఆధారమున్నచో నిలుపుదురు. లేనిచో త్రిప్పివేయుదురు, లేక మరల విచారింపుడని క్రిందికి పంపుదురు.

ఇక్కడ త్రాసు మాఱును. దరఖాస్తునాడు నిరూపణభారము దరఖాస్తుదారునిది. తన పక్షపు తట్ట కొంచెమైనను మొగ్గునట్లు ఆధారములు చూపిన చాలును. అప్పీలునాడు ప్రశ్న అది కాదు. అధికారి వ్రాసినదానికి దస్త్రములో చాలినంత ఆధారము కలదా యన్నదే ప్రశ్న. పైయధికారి తానైన వేరువిధముగా నిర్ణయించి యుండెడివాడే కావచ్చును. అంతమాత్రమున క్రిందివాని నిర్ణయము పోదు. కావున దరఖాస్తునాడు బద్ధకించి, అప్పీలులో అన్నియు చెప్పుకొందమనుకొనువాడు తెలియకయే బరువైన తట్టను తన నెత్తిన పెట్టుకొనుచున్నాడు.

అర్జీ ఎట్లుండవలెనో కూడ నిబంధన చెప్పుచున్నది. నిర్ణయము ఏల తప్పో, ఫలితమును మార్చగల ఏ ముఖ్యవిషయమును కచేరీ గమనింపలేదో, ఏ నిబంధనను తప్పుగా అన్వయించెనో వివరముగా వ్రాయవలెను. “మేము ఎన్నో కష్టములు పడి పైకి వచ్చితిమి. అధికారి మాపై పగబట్టినాడు. తాము దయతలచి న్యాయము చేయవలెను” అని వ్రాసిన అర్జీ చదువువాని మనస్సును కరగించినను కరగింపవచ్చును, వాని చేతికి పని మాత్రము ఇయ్యదు. “ఉత్తరము రెండవ పుటలో, సంతకాధికారము నా భర్తదని వ్రాసినారు. దస్త్రములోని ఫలానా తీర్మానమును, ఫలానా నెలల బ్యాంకు లెక్కలను గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. అధికారమును అప్పగించి తిరిగి తీసికొనుటకు నిబంధన అనుమతించుచున్నది” అని వ్రాసినది చేతికి పని యిచ్చును. మొర వేరు, అప్పీలు వేరు. మొర దయను కోరును. అప్పీలు తప్పును చూపును.

నిర్ణయమునకు, పూర్తి దస్త్రము చేరిన పిమ్మట 180 దినముల కాలము నిబంధనలో నున్నది. ఆ నడుమ నిరాకరణ అమలులోనే యుండును. పత్రము చేతిలో నున్నట్లు టెండరులో చెప్పుకొనరాదు. రవాణాశాఖవారి నిర్ణయమే ఆ శాఖలో తుదిమాట. దానిని మరల ఆలోచింపుడని ఆ శాఖనే కోరుటకు వీలులేదు.

ఇక మీరు చేయదగిన సహాయమును చెప్పి ముగించెదను. మీ కూతురో కోడలో విదేశమున వ్యాపారము పెట్టుచున్నదని తెలిసిననాడే, పంపు సొమ్మునకు జాడ తెలియునట్లు కాగితములు సిద్ధముచేయుడు. భాగము ఇచ్చితిరా, భాగపత్రము రిజిస్ట్రీ చేయింపుడు. దానమిచ్చితిరా, దానపత్రము వ్రాయుడు. అప్పిచ్చితిరా, అప్పని వ్రాయుడు. అప్పును దానమనియు దానమును భాగమనియు తరువాత పేరు మార్చవలదు. చేతిరొక్కముగా నొకరిద్దరి ద్వారా పంపిన ధనము నిజముగా మీదే యైనను, నిరూపించుట కష్టము. ఆమె పేర ఇక్కడ మిగిలియున్న పొలము, ఇల్లు, బంగారము సంగతి దాచవలదు. ఆస్తిపట్టికలో అవియు చూపవలసినవే. సముద్రమునకు ఇవతలనున్నదని ఆస్తి ఆస్తి కాకపోదు.

మరొక మాట. “అమ్మాయి పేరు పెట్టుము, పని మనము చూచుకొందము” అని యింటిలోని మగవారు చెప్పు ఉపాయమునకు మీరు తల యూపవలదు. అక్కడ కేంద్రప్రభుత్వమునకు తెలిసి అబద్ధపు వాఙ్మూలము ఇచ్చుట నేరము. దానికి ఐదు సంవత్సరములవరకు కారాగారశిక్ష కలదు. సంతకము ఆమెది గావున మొదట పట్టుబడునది ఆమెయే. పేరు ఇచ్చిన పాపమునకు ఆడుబిడ్డను అంత అపాయములో నిలుపుట పెద్దరికము కాదు. నిజముగా ఆమెయే నడుపునట్లయిన, సంతకము, చెక్కు పుస్తకము, తుదిమాట ఆమెకు విడిచిపెట్టుడు. అప్పుడు కచేరీవారు తలుపు తట్టినను జవాబు చెప్పుటకు ఆమెకు ఎవరి సహాయమును అక్కరలేదు.

నిరాకరణ ఉత్తరము వచ్చిననాడు పెద్దలైనవారు ఇయ్యదగిన సలహా మూడు మాటలలో నున్నది. దినములు లెక్కించుము. కారణములను విడదీయుము. తప్పు వారిదైన చూపుము, మనదైన దిద్దుకొనుము. పత్రము వచ్చిన వచ్చును, రాకున్న రాకపోవును. పత్రము లేకయే వ్యాపారము చేసి బ్రతుకువారు అక్కడ అనేకులు గలరు. కాని గడువు దాటినందువలననో, పెట్టెలోనున్న కాగితము పెట్టెలోనే యుండుటవలననో న్యాయమైన హక్కు పోయినచో, ఆ నష్టమునకు బాధ్యత కచేరీది కాదు, మనదే.

సెలవు.